నల్లగొండ బాటలోని రెండు సంఘములు

గోలకొండనుండి మచిలీపట్టణమునకు బోవు ప్రాచీన వర్తకమార్గము భాగ్యనగరమునకు తూర్పున మూసీనదికి దక్షిణముగా సాగి, హయాత్‌నగరము గడచి నల్లగొండ సీమను జొచ్చును. 17వ శతాబ్దిలో రత్నవర్తకుడగు తావెర్నియే మొదలగు పరదేశీయులు ఈ రెండు పట్టణములనడుమ పయనించి తమ యాత్రలను వ్రాసికొనిరి. నేడీ మార్గమున నగరమును వీడుచోట దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అను పేటలు గలవు. పేరులు రెండును నూతనములు. దిల్‌సుఖ్ రామ్ అను భూస్వామి పేర మొదటిది వెలసెనని వాడుక. రెండవది 1964 మొదలు 1966 వరకు ప్రధానమంత్రిగా నుండిన లాల్‌బహదూర్ శాస్త్రి పేర నేర్పడినది. కావున 19వ శతాబ్ద్యంతమున నీ దెసకు వచ్చిన మిషనరీల వృత్తాంతములలో నీ పేరులను వెదకుట వ్యర్థము. వెదకవలసినది బాటను, బాటవెంబడి నుండిన జనమును.

1889లో అబ్రహాము ఫ్రీజన్, అతని భార్య మరియ యను దంపతులు దక్షిణ రష్యానుండి నైజాము రాష్ట్రమునకు వచ్చిరి. వీరు మెన్నొనైటు సోదరసంఘమునకు చెందినవారు. ఆ సంఘము 1860లో రష్యాదేశపు జర్మనుభాషీయుల పల్లెలలో పుట్టినది. ఫ్రీజన్ దంపతులు అమెరికను బాప్టిస్టు మిషనుతో గూడి పనిచేయుచు నల్లగొండను తమ స్థానముగా జేసికొనిరి. అదే సంవత్సరమున సికిందరాబాదు రైలుమార్గము బెజవాడవరకు బూర్తియైనను, అది కాజీపేట మీదుగా బోయెనే కాని నల్లగొండను తాకలేదు. అందుచే నల్లగొండకు చేరువారికి బండిబాటయే గతి.

1899లో ఎన్. ఎన్. హీబర్టు, సూసీ దంపతులు ఎలిజబెత్ న్యూఫెల్డుతో గూడి అమెరికానుండి వచ్చి, మొదట నల్లగొండలో ఫ్రీజన్ దంపతులయొద్ద తెలుగు నేర్చిరి. పిదప భాగ్యనగరమున మలకుపేట ప్రాంతమున గుదురుకొనిరి. ఆరోగ్యము చెడుటచే హీబర్టు దంపతులు 1901లో మరలిపోగా, 1902లో వచ్చిన పాంక్రట్సు దంపతులు ఆ పనిని నిలిపిరి. మలకుపేటకు తూర్పు సరిహద్దే నేటి దిల్‌సుఖ్‌నగర్. ఇట్లు ఈ బాటకు పడమటి కొనను ఒక సంఘమును, నల్లగొండను మరియొక సంఘమును నేర్పడినవి.

ఆకాలపు మిషనరీల సంచారవిధానము ప్రసిద్ధమే. చలికాలమున గుడారములను బండ్లపై వేసికొని పల్లెపల్లెకు దిరుగుట, సంఘస్థులను విచారించుట, బాప్తిస్మమును గోరువారిని బరీక్షించుట, వివాదములు తీర్చుట పురుషుని పని. స్త్రీలతో మాటలాడుట, పిల్లలకు జదువు చెప్పించుట, రోగులకు మందిచ్చుట భార్య పని. సంఘస్థులలో బెక్కుమంది ఊరికి వెలుపలి వాడలవారు. దేవాలయము ఊరిలోనుండెను. అందులోనికి వారికి బ్రవేశము లేకుండెను. మిషనరీ దంపతుల గుడారమునకును ఆలయగోపురమునకును నడుమ దూరము స్వల్పమైనను, నడుమనున్న గోడ మిక్కిలి యెత్తు.

ఈ బాటవెంబడి దేవస్థానములు స్వల్పములుగావు. నల్లగొండకు చేరువనే పానుగల్లు గలదు. అది కుందూరు చోడుల రాజధాని. అచ్చటి పచ్చల సోమేశ్వర, ఛాయాసోమేశ్వరాలయములు కాకతీయయుగపు శిల్పమునకు సాక్ష్యములు. ఛాయాసోమేశ్వరమున లింగముపై పగలెల్ల స్తంభచ్ఛాయవంటి నీడ నిలిచియుండుట చూపరులకు వింత. ఇక ఎల్.బి.నగర్‌కు సమీపమున కర్మన్‌ఘాట్ హనుమదాలయము గలదు. 1687లో గోలకొండను జయించిన ఔరంగజేబు ఈ యాలయమును గూల్పబూనగా, ముందు మనస్సును గట్టిచేసికొమ్మను నర్థముగల ఉరుదుమాట వినబడెననియు, దానినుండియే యీ పేరు గలిగెననియు జెప్పుదురు. విధ్యర్థక వాక్యము స్థలనామముగా బరిణమించుట యరుదు. పేరు ముందు, కథ తరువాత అని తలచుటయే యుక్తము. కథ విశ్వాసమునకు సాక్ష్యము గాని చరిత్రకు గాదు.

వీనికంటె ప్రాచీనమైన సాక్ష్యము దిల్‌సుఖ్‌నగర్‌నకు చేరువ చైతన్యపురిలో మూసీయొడ్డున గలదు. కోసగుండ్ల నరసింహస్వామి యాలయముననున్న బండపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతశాసన మొకటి చెక్కబడియున్నది. దీనిని పండితులు విష్ణుకుండి గోవిందవర్మ కాలమునకు, అనగా క్రీస్తుశకము 5వ శతాబ్దికి జేర్చిరి. ఇందు గోవిందరాజవిహారము పేర్కొనబడినది. అనగా నేడు నరసింహుని గొలుచు నీ గుండ్లయందు ఒకప్పుడు బౌద్ధభిక్షువులు వసించిరి. ఫ్రీజన్, హీబర్టు దంపతుల కాలమున నీ శాసనమును జదివినవారు లేరు. 1980వ దశకమున గాని ఇది పండితలోకమునకు దెలియలేదు.

ఇచట శబ్దవిచార మొకటి ప్రసక్తమగుచున్నది. సంపూర్వకమగు హన్ ధాతువునుండి సంఘశబ్దమును గణార్థమున పాణిని నిపాతించెను. పలువురు చేరి యొకటియగుట దీని యర్థము. విహారములందలి భిక్షుసమూహమునకు సంఘమని పేరు. పదునాలుగు శతాబ్దులు గడచిన పిదప అదే బాటపై బాప్తిస్మముబొందిన తెలుగువారి సమూహమునకును సంఘమనియే పేరు. మిషనరీలు ఈ మాటను బుద్ధుని తలచి గ్రహింపలేదు. భాష తానే వారిచేతి కందించినది. మతములు మారినను, చేరికకు దెలుగున నిలిచిన మాట ఒక్కటే.

అయిన నొక భేదము ముఖ్యము. శాసనములందు నిలుచునది దానమిచ్చిన రాజు, మంత్రి, శ్రేష్ఠి, దానముగొన్న భిక్షువు లేక దేవుడు. పానుగల్లు చెరువు త్రవ్వినవాని పేరు గాని, ఆలయమునకు రాయి మోసినవాని పేరు గాని శాసనమున గానరాదు. మిషను సంఘపు పట్టికలలో నట్లుగాదు. అందు వాడవాసియగు కూలివాని పేరు, అతని భార్య పేరు, ఊరి పేరు, బాప్తిస్మపు దినము వ్రాయబడును. మతవిషయమున నెవరి యభిప్రాయ మెట్లున్నను, చరిత్రకారునకు ఆ పట్టికలు విలువగలవి. శాసనము విడిచినవారిని అవి పేర్కొనినవి. ఆలయము వెలుపల నిలిచిన వారికి అదియే మొదటి వ్రాతసాక్ష్య మగుట పెక్కుచోట్ల సంభవము.

శిలాశాసనమును జదువువారు సంఘపు పట్టికలను జూడరు. పట్టికలను భద్రపరచువారు శాసనమును జూడరు. చైతన్యపురి బండచుట్టును ఇండ్లు దట్టముగా బెరిగినవి. కాగితము బండవలె నెండవానలకు నిలువదు. తూర్పుతెలంగాణపు చరిత్ర వ్రాయ దలచువారు ఈ రెండింటిని నొక్కచోట జేర్చి, ఊరిపేరులను సరిపోల్చి ప్రకటించుట కర్తవ్యము. అట్లు చేయనిచో ఈ బాటపై నడచినవారిలో దానమిచ్చినవారే మిగులుదురు. కట్టినవారు మరల మరుగుపడుదురు.