మగ్గం వేగం, కండెల లెక్క



షోలాపూర్‌లో మనవాళ్ళు నలుగురు కూడిన చోట కొత్త మగ్గాల మాట వస్తే, లెక్క మగ్గం ధర దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. మన వృత్తి చరిత్ర ఇంకో చోట కూడా చూడమంటోంది.

పాత గుంట మగ్గంలో నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకోవాలి. బట్ట వెడల్పు చేతులు చాచినంతే. 1733లో ఇంగ్లండులో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడె కనిపెట్టాడు. నేత వేగం పెరిగింది గానీ రాట్నాలు అంత నూలు ఇవ్వలేకపోయాయి. 1760లలో హార్‌గ్రీవ్స్ ఒకేసారి ఎన్నో దారాలు వడికే యంత్రం చేసేదాకా మగ్గాల ఆకలి తీరే దారి దొరకలేదు.

షోలాపూర్‌లో 1877 నుంచే మిల్లు ఉంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన పెద్దలు 20వ శతాబ్దంలో తాడు నాడె పట్టేనాటికి మిల్లు నూలు అందుబాటులో ఉంది. అయితే నాడె ఎంత వేగంగా తిరిగితే కండెలు అంత త్వరగా ఖాళీ అవుతాయి. అవి చుట్టిపెట్టింది ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు. చాలా ఇళ్ళలో ఆ పనికి విడిగా కూలి లేదు, నేతగాడి కూలిలోనే కలిసిపోయింది. గజానికి ఖర్చు తగ్గిందని మనం చెప్పుకునేదాంట్లో కొంత నిజంగా తగ్గింది కాదు, పద్దుకెక్కనిది.

పోచంపల్లి పట్టు నేతలో ఆసు పోయడమూ అలాంటిదే. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూసి చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మగ్గం జోలికి పోకుండా, దాని ముందున్న నెమ్మది పనిని ఆయన పట్టుకున్నారు. పని త్వరగా తెమిలింది, ఆడవాళ్ళ భుజానికీ ఊరట దొరికింది.

ఈనాడు రేపియర్ మగ్గం కొనేవాళ్ళు రెండు లెక్కలు వేసుకోవాలి. పడుగు సిద్ధం కాక అది రోజుకు ఎన్ని గంటలు ఆగుతుంది? మగ్గం ఆగినా బ్యాంకు వాయిదా ఆగదు. రెండోది, ఇంట్లో జరిగే పనికి కూలి కట్టి ఖర్చులో రాశారా? రాస్తే లాభం తక్కువగా కనిపించవచ్చు. కానీ అసలు లాభం అదే.