మూడు మ్యాచ్‌ల గోల్‌కీపర్

1999 మే 8, శనివారం మధ్యాహ్నం. ఇంగ్లండ్‌కి వాయవ్య మూలన, ఇంకో పది మైళ్లు పోతే స్కాట్లండ్ తగులుతుందనే చోట, కార్లైల్ అనే ఊళ్లో ఉన్నారు మీరు. పాత కోట, రైల్వే జంక్షన్, బిస్కెట్ల ఫ్యాక్టరీ, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. బయటివాళ్లకి ఈ ఊరంటే గుర్తొచ్చేవి ఇవే. వారిక్ రోడ్డు నిండా నీలం చొక్కాలు ఒకే వైపు నడుస్తున్నాయి. వాళ్ల వెనకాలే వెళ్లండి, దారి అడగక్కర్లేదు.

బ్రంటన్ పార్క్. 1909 నుంచీ కార్లైల్ యునైటెడ్ ఆడుతున్నది ఈ మైదానంలోనే. పక్కనే పెటరిల్ అనే చిన్న ఏరు. టికెట్ ఇచ్చి, ఇనప గేటు తోసుకుని లోపలికి వస్తే మెయిన్ స్టాండు కింద ‘ప్యాడక్’ అని నిలబడి చూసే మెట్లు ఉంటాయి. సీటు కావాలనుకునేవాళ్లు ఇక్కడికి రారు. ఏళ్ల తరబడి అదే మెట్టు మీద, అదే ఇనప కమ్మీకి ఆనుకుని చూసేవాళ్ల చోటిది. మీకూ కాస్త జరిగి చోటిచ్చారు. ఇవాళ వచ్చింది 7,599 మంది.

మామూలుగా అయితే ఈపాటికి అరుపులూ పాటలూ మొదలవ్వాలి. ఇవాళ అందరి గొంతులూ తగ్గి ఉన్నాయి. చాలామంది చెవి దగ్గర ట్రాన్సిస్టర్లున్నాయి. ఎందుకో చెబుతాను. ఇంగ్లండ్ లీగ్‌లో నాలుగు అంచెలు, మొత్తం 92 క్లబ్బులు. ఆ రోజుల్లో నాలుగో అంచెలో ఆఖర్న మిగిలిన ఒక్క జట్టు లీగ్‌లోంచే బయటికి పోయేది. ఇవాళ సీజన్‌లో ఆఖరి రోజు. కార్లైల్‌కి 46 పాయింట్లు, అట్టడుగు స్థానం. దాని పైన స్కార్‌బరో, 47. కార్లైల్ గెలిచి తీరాలి, స్కార్‌బరో గెలవకూడదు. 1928లో లీగ్‌లో అడుగుపెట్టిన క్లబ్బు ఇది. 71 ఏళ్ల లెక్క ఇంకో గంటన్నరలో తేలిపోతుంది.

ఎదుటి జట్టు ప్లిమత్ ఆర్గైల్. ఇంగ్లండ్‌కి ఆ చివర నుంచి, దాదాపు ఆరువందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చింది. పట్టికలో మధ్యన ఉంది కాబట్టి ఈ ఆటతో వాళ్లకి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు.

మొదటి సగం గోల్ లేకుండా నడుస్తోంది. బంతి మధ్యలోనే నలుగుతోంది. ఇలాంటప్పుడు జనం ఏం చేస్తారు? పాత ఆటగాళ్ల గురించి మాట్లాడుకుంటారు. చెవి ఇటు పెట్టండి.

మీ పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన చిన్నప్పుడు ఐవర్ బ్రాడిస్‌ని చూశాడట. యుద్ధం అయిపోయాక, 1946లో, 23 ఏళ్ల వయసులో బ్రాడిస్ ఈ జట్టుకి ఆటగాడూ అయ్యాడు, మేనేజరూ అయ్యాడు. లీగ్ చరిత్రలో అంత చిన్న వయసు మేనేజర్ లేడు. 1949లో సండర్‌లాండ్ 18,000 పౌండ్లు ఇస్తామంది. మేనేజర్‌గా ఆ బేరం కుదిర్చి తనని తనే అమ్ముకున్నాడు. చిన్న క్లబ్బుకి ఆ రోజుల్లో అదెంత డబ్బో పెద్దాయన చెయ్యి గాల్లోకి ఎత్తి చూపిస్తున్నాడు. బ్రాడిస్ తర్వాత ఇంగ్లండ్‌కి ఆడాడు, 1954 ప్రపంచకప్‌లో బెల్జియం మీద రెండు గోల్స్ కొట్టాడు. చివరికి మళ్లీ ఈ ఊరే వచ్చి స్థిరపడ్డాడు. పెద్దాయన అభిమానానికి సగం కారణం ఆ తిరిగి రావడమేనని వింటుంటే తెలిసిపోతుంది.

వెనక మెట్టు మీంచి ఇంకొకాయన కలగజేసుకున్నాడు. ఆయన దేవుడు హ్యూగీ మెకిల్‌మోయిల్. 1963-64 సీజన్‌లో లీగ్‌లోనే 39 గోల్స్, కప్పు మ్యాచ్‌లతో కలిపి 44. మూడుసార్లు ఈ క్లబ్బు విడిచి వెళ్లాడు, రెండుసార్లు తిరిగి వచ్చాడు. మనిషి మరీ ఎత్తరి కాదు, కానీ బంతి గాల్లో ఉంటే అతన్ని మించి ఎగిరేవాడు లేడంటారు.

నాకైతే ఈ ప్యాడక్‌లో వినబడే పేర్లలో క్రిస్ బాల్డర్‌స్టోన్ పేరు దగ్గర మనసు ఆగిపోతుంది. మన క్రికెట్ ప్రియులు కూడా తెలుసుకోవాల్సిన మనిషి. 1965 నుంచి పదేళ్లు కార్లైల్ మిడ్‌ఫీల్డ్‌ని నడిపించింది అతనే. పరుగెత్తి కాదు, పాసులతో. 1974లో ఈ చిన్న ఊరి జట్టు చరిత్రలో మొదటిసారి అన్నిటికంటే పై అంచెకి ఎక్కింది. మొదటి మ్యాచ్ చెల్సీతో వాళ్ల మైదానంలోనే, 2-0. రెండోది మిడిల్స్‌బరో మీద, అదీ 2-0. మూడోది ఇదే బ్రంటన్ పార్క్‌లో, టాటన్‌హామ్‌తో. పెనాల్టీ వచ్చింది. బాల్డర్‌స్టోన్ బంతి పెట్టుకున్నాడు, కొట్టాడు, 1-0. ఆ రాత్రికి ఇంగ్లండ్ మొత్తానికి పట్టికలో మొదటి పేరు కార్లైల్ యునైటెడ్. సీజన్ ముగిసేసరికి అట్టడుగున తేలి కిందికి దిగిపోయారు నిజమే. ఆ దిగిపోయిన మాట ఈ మెట్ల మీద ఎవరూ ఎత్తరు. ఆ పెనాల్టీ గురించి మాత్రం నిన్న కొట్టినట్టు చెబుతారు.

ఆ బాల్డర్‌స్టోనే ఎండాకాలంలో లెస్టర్‌షైర్‌కి క్రికెట్ ఆడేవాడు. కుడిచేత్తో బ్యాటింగ్, ఎడంచేత్తో స్పిన్. 1975 సెప్టెంబరు 15న చెస్టర్‌ఫీల్డ్‌లో కౌంటీ మ్యాచ్ ఆట ముగిసేసరికి 51 నాటౌట్. అప్పటికి అతను డాంకాస్టర్ రోవర్స్‌కి మారాడు. ప్యాడ్లు విప్పి, కారెక్కి, డాంకాస్టర్ వెళ్లి, ఆ రాత్రి లైట్ల వెలుతురులో ఫుట్‌బాల్ మ్యాచ్ పూర్తిగా ఆడాడు. మర్నాడు మళ్లీ క్రీజులోకి వచ్చి సెంచరీ పూర్తిచేశాడు, మూడు వికెట్లూ తీశాడు. లెస్టర్‌షైర్ మొట్టమొదటి కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచింది ఆ మ్యాచ్‌తోనే. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్ అతన్ని వెస్టిండీస్ మీద రెండు టెస్టులు ఆడించింది. ఓవల్‌లో మైకేల్ హోల్డింగ్ 14 వికెట్లు తీసిన టెస్టు గుర్తుందా? అందులో రెండు ఇన్నింగ్స్‌లోనూ హోల్డింగ్ బంతికి సున్నాకే బౌల్డయిన బ్యాట్స్‌మన్ ఇతనే. రికార్డు పుస్తకాల్లో ఆ రెండు సున్నాలు ఉంటాయి. కార్లైల్‌లో మాత్రం అతని పేరు చెబితే ఇప్పటికీ ముఖాలు వెలుగుతాయి.

రెండో సగం మొదలైంది. నాలుగు నిమిషాలు కాలేదు, ప్లిమత్ ఆటగాడు లీ ఫిలిప్స్ గోల్ కొట్టేశాడు. 0-1.

ప్యాడక్‌లో ఒక్కరూ మాట్లాడటం లేదు. మీ ముందు పదేళ్ల కుర్రాడు మఫ్లరు కొస నోట్లో పెట్టుకుని కొరుకుతున్నాడు. వాడికి బ్రాడిస్ తెలియదు, బాల్డర్‌స్టోన్ తెలియదు. వాడి వీరుడు టోనీ కేగ్, గోల్‌కీపర్. రెండేళ్ల కిందట వెంబ్లీలో కోల్చెస్టర్‌తో ఫైనల్ పెనాల్టీల దాకా వెళితే కేగ్ బంతులు ఆపి కప్పు తెచ్చాడు. అలాంటివాణ్ణి ఈ మార్చిలో బ్లాక్‌పూల్‌కి అమ్మేశారు. అంతకుముందే మ్యాట్ జాన్సెన్ వెళ్లిపోయాడు, రోరీ డెలాప్ వెళ్లిపోయాడు. ఇద్దరూ ఇక్కడే పెరిగిన కుర్రాళ్లు. ఛైర్మన్ మైకేల్ నైటన్ మీద ఊరంతా మండిపడుతోంది. కింది అంచెల్లో అభిమానిగా ఉండటమంటే ఇదే: ఎవడి మీద మనసు పెట్టుకుంటామో వాడే ముందు అమ్ముడుపోతాడు. పీటర్ బియర్డ్‌స్లీ కూడా అంతే. 1979లో ఇక్కడే మొదలుపెట్టాడు, 1982లో వెళ్లిపోయాడు, తర్వాత ఇంగ్లండ్‌కి 59 మ్యాచ్‌లు ఆడాడు. మారడోనా చేత్తో గోల్ కొట్టిన మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఫార్వర్డ్‌లలో అతనొకడు.

కేగ్ వెళ్లిపోయాక డెర్బీ నుంచి అరువు తెచ్చుకున్న కీపర్‌ని వాళ్లు వెనక్కి పిలిపించుకున్నారు. మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా కార్లైల్‌కి గోల్‌కీపరే లేడు. కొనుక్కునే గడువు దాటిపోయింది. లీగ్ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకుని స్విండన్ టౌన్ నుంచి ఒకణ్ణి లోన్ మీద తెచ్చారు. పేరు జిమ్మీ గ్లాస్, 25 ఏళ్లు. అంతకుముందు ఏడాది బోర్న్‌మత్ తరఫున వెంబ్లీ ఫైనల్ ఆడి, తన గోల్‌లోకి తనే బంతి వేసుకున్నవాడు. అదిగో, ఆ చివర నిలబడ్డాడు. ఇవాళ్టితో అతని పని అయిపోతుంది. కుర్రాడు అతని వైపు ఇంతవరకూ సరిగా చూడనుకూడా లేదు.

62వ నిమిషం. గోల్‌కి చాలా దూరంలో డేవిడ్ బ్రైట్‌వెల్‌కి బంతి దొరికింది. తల ఎత్తి చూసి, బలంగా కొట్టాడు. 1-1! పెద్దాయన టోపీ ఎగిరి ఎక్కడో పడింది. ఈ బ్రైట్‌వెల్ డిఫెండర్. తల్లి ఆన్ ప్యాకర్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఈ రోజు గురించి చెప్పేవాళ్లంతా ఈ గోల్‌ని ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఇది పడకపోతే తర్వాతది పడినా దండగే.

డ్రా సరిపోదు. ఇంకొకటి కావాలి. నిమిషాలు కరిగిపోతున్నాయి. 90 దాటింది. అక్కడ స్కార్‌బరోలో మ్యాచ్ ముగిసిందని ట్రాన్సిస్టర్లు చెప్పాయి: పీటర్‌బరోతో 1-1, వాళ్లకి 48 పాయింట్లు. కార్లైల్‌కి ఇప్పటి లెక్కన 47. స్కార్‌బరో జనం తాము బతికిపోయామని మైదానంలోకి దిగి గంతులేస్తున్నారు. ఇక్కడ ఆ వార్త మెట్టు మెట్టూ దిగుతోంది. పెద్దాయన టోపీ దొరికింది గానీ పెట్టుకోలేదు, చేత్తో నలుపుతున్నాడు.

ఇంజురీ టైమ్ నాలుగో నిమిషం. కార్లైల్‌కి కార్నర్ వచ్చింది. రెఫరీ చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఇదే ఆఖరి బంతి.

అటు చూడండి. గోల్‌కీపర్ పరుగెత్తుకొస్తున్నాడు. తన గోల్ ఖాళీగా వదిలేసి, మైదానం ఆ చివర నుంచి ఈ చివరికి, పొడుగాటి కాళ్లతో. మేనేజర్ నైజెల్ పియర్సన్ వద్దనలేదు. ఇంక పోగొట్టుకునేదేముంది?

గ్రాహమ్ ఆంథొనీ కార్నర్ వేశాడు. గుంపు మధ్యలోంచి స్కాట్ డోబీ పైకి లేచి తలతో కొట్టాడు. ప్లిమత్ కీపర్ చేతులడ్డం పెట్టాడు, ఆపాడు, పట్టుకోలేకపోయాడు. బంతి కింద పడి కాస్త ముందుకి దొర్లింది. దాని ఎదురుగా ఉన్నది స్ట్రైకర్ కాదు. చేతులకి గ్లోవ్స్ ఉన్న మనిషి. కుడికాలు ఊపాడు.

గోల్.

తర్వాతి క్షణాలు మీకూ సరిగా గుర్తుండవు. ఎవరో మిమ్మల్ని కావలించుకున్నారు, ఎవరో తెలియదు. మీ కాళ్లు మెట్టు మీద లేవు. వారిక్ రోడ్డు వైపు స్టాండు మొత్తం మైదానంలోకి ఒలికిపోయింది. గ్లాస్ ఎక్కడున్నాడో కనబడటం లేదు, వాడి మీద ఊరు పడింది. పెద్దాయన ఏడుస్తున్నాడు. బ్రాడిస్‌ని చూసినవాడు, చెల్సీ మీద గెలుపు చూసినవాడు, ఒక అరువు గోల్‌కీపర్ కోసం ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. కుర్రాడు తండ్రి మెడ మీదికెక్కి ఒకటే పేరు అరుస్తున్నాడు. ఆ పేరు కేగ్ కాదు.

జనాన్ని పంపించి, మళ్లీ బంతి మధ్యలో పెట్టి ఆట మొదలెట్టారు. మొదలెట్టిన వెంటనే రెఫరీ విజిల్ ఊదేశాడు. 2-1. కార్లైల్‌కి 49 పాయింట్లు.

దీని రెండో వైపు చెప్పకపోతే పాపం. స్కార్‌బరో అభిమానులు ఆ మైదానంలో నిలబడే ఈ కబురు విన్నారు. 1987లో లీగ్‌లోకి నేరుగా ప్రమోషన్ మీద వచ్చిన మొదటి క్లబ్బు అది. పన్నెండేళ్లకి బయటికి పోయింది, 2007లో మూతపడింది. అదే ఏడాది అభిమానులే స్కార్‌బరో అథ్లెటిక్ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్లకీ ఇష్టమైన ఆటగాళ్లున్నారు, వాళ్ల మెట్ల మీదా ఇలాగే పేర్లు నడిచాయి.

గ్లాస్ కార్లైల్‌లో ఉండలేదు. ఆడినవి ఆ మూడు మ్యాచ్‌లే. 27 ఏళ్లకే ఆట మానేశాడు, తర్వాత డోర్సెట్‌లో టాక్సీ నడిపాడు, తన కథ పుస్తకంగా రాశాడు. కార్లైల్ 2004లో నిజంగానే లీగ్‌లోంచి దిగి ఏడాదిలో తిరిగొచ్చింది, 2025లో మళ్లీ దిగింది. బ్రంటన్ పార్క్ బయట కంచు విగ్రహం ఉంది. అది మెకిల్‌మోయిల్‌ది, ఉండాల్సిందే. గ్లాస్‌కి విగ్రహం పెట్టలేదన్నది నాకు పెద్ద లోటుగా అనిపించదు. పదేళ్లు ఆడిన బాల్డర్‌స్టోన్ పక్కన, ఒకే సీజన్‌లో 44 గోల్స్ కొట్టినవాడి పక్కన, మూడు మ్యాచ్‌ల మనిషి పేరు ఏ తడబాటూ లేకుండా చెప్పే ఊరు అతనికి దొరికింది.

ఆ గోల్ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. రేడియో కంబ్రియా కామెంటేటర్ డెరెక్ లేసీ గొంతు తోడుగా ఉన్నదే వెతికి చూడండి. మీ ఊరి మైదానంలో ఆడి వెళ్లిపోయినవాళ్లలో మీకిష్టమైన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో చిన్నవాళ్లకి ఆ పేరు చెప్పండి.