సున్నం ఉంటే చాలదు

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. దాదాపు నలభై ఏళ్ళకు, ప్రకృతి శాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ ప్రోద్బలంతో మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ సంగతి మళ్ళీ తవ్వించాడు. జియలాజికల్ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. తర్వాత పని ఆయన కొడుకు హెన్రీ చేతికి వెళ్ళింది. గుహలకు కెథెడ్రల్, పర్గేటరీ అని చర్చి పేర్లు పెట్టుకున్నారు, ఊరివాళ్ళను అడిగినట్టు లేదు! అక్కడి ఎముకల్ని 1886లో శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ వర్ణించాడు. ఒక ఖడ్గమృగానికి అప్పటి జిల్లా కర్నూలు పేరే పెట్టాడు.

హక్స్‌లీకి ఎముకలు కొత్త కాదు. 1858లోనే సెఫలాస్పిస్, టెరాస్పిస్ అనే అతిప్రాచీన చేపల కవచాలను మైక్రోస్కోపు కింద చూశాడు. మొదటిదానిలో మన ఎముకలోలాగే కణాలుండే చిన్న గూళ్ళున్నాయి, రెండోదానిలో లేవు. ఎముక ఒకే రకంగా పుట్టలేదని తెలియడానికి అదొక ఆధారం.

ఆ గుహలున్న ప్రాంతపు రాయినే చూడండి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా కుందూ లోయ అడుగున ఉన్న పొరలకు భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో నంద్యాల, కోవెలకుంట్ల, పాణ్యం పేర్లే పెట్టాడు. ఇళ్ళలో పరిచే నాపరాయి కూడా ఆ పొరలు ఏర్పడిన కాలపు సముద్రం వదిలిన సున్నమే. అంత కాల్షియం ఉన్న నీళ్ళలో ఎముక మాత్రం లేదు. ఎందుకంటే ఎముకకు ముందు కావలసింది ప్రొటీన్. కొల్లాజెన్ పోగులు నేస్తేనే కాల్షియం ఫాస్ఫేట్ వాటిని పట్టుకుంటుంది. మృదులాస్థిలో ముఖ్యంగా రెండో రకం కొల్లాజెన్, ఎముకలో మొదటి రకం.

సొరచేపకూ కొల్లాజెన్ ఉంది, అయినా దాని అస్థిపంజరం మృదులాస్థే. దాని దూరపు బంధువు ఏనుగు సొర జన్యుపటాన్ని బైరప్ప వెంకటేశ్ బృందం 2014లో ప్రచురించింది. ఎముక చేపల్లో కాల్షియాన్ని పట్టే ఒక ప్రొటీన్ కుటుంబపు జన్యువులు అందులో కనిపించలేదు. ఆ కుటుంబంలోని ఒక జన్యువును జీబ్రా చేప పిల్లల్లో అణచివేస్తే ఎముక తగ్గింది. స్పార్క్ అనే పాత జన్యువు నకళ్ళు వేసుకుంటూ పోగా ఈ కుటుంబం ఏర్పడిందని అంతకుముందే కవసాకీ, వైస్ లెక్కగట్టారు.

కథ ఇంత సాఫీగా ముగిస్తే బాగుండేది. మంగోలియాలో దొరికిన 41 కోట్ల ఏళ్ళ నాటి మింజీనియా అనే చేప తల లోపల ఎముక ఉందని 2020లో వెల్లడైంది. అది సొరలూ ఎముక చేపలూ విడిపోకముందటి శాఖకు చెందినది. అంటే సొర ఎముక దాకా రాని చేప కాదు, ఉన్నదాన్ని వదులుకున్న చేప కావచ్చు. నాకు ఈ రెండో మాటే బలంగా తోస్తుంది.

బిల్లసర్గంలాంటి వేడి నేలలో పాత ఎముకల్లో కొల్లాజెన్ ఎక్కువకాలం నిలవదు, ఖనిజమే మిగులుతుంది. కోట్ల ఏళ్ళ నాటి చేపల్లో అసలే నిలవదు, అందుకే వాటి ప్రొటీన్ చరిత్రను శిలాజంలో కంటే బతికున్న చేపల జన్యువుల్లో చదవాల్సివస్తోంది. అలాంటి జన్యువుల చదువులోనే ఇంకో సంగతి బయటపడింది: ఆ కాల్షియం కుటుంబంలోనే పళ్ళ ఎనామెల్ ప్రొటీన్లూ ఉన్నాయి, పాలను పెరుగుగా తోడుకోనిచ్చే కేసిన్ కూడా ఉంది.