సీమ చదువుల జమాఖర్చులు

మన వాళ్ళలో ఎవరైనా పైచదువుకి అమెరికాకో ఇంగ్లండుకో బయల్దేరుతున్నారంటే, ముందుగా తయారయ్యేది ఒక ఎక్సెల్ షీటు. ఫీజు, ఇంటద్దె, తిండి, ఇన్సూరెన్సు, విమానం టిక్కెట్టు... అన్నీ కూడి, ఆ రోజు డాలరు రేటుతో గుణిస్తే కింద ఓ పెద్ద అంకె వస్తుంది. అది చూసి నాన్నగారు పొలం కాగితాలు బయటకి తీస్తారు. అంతటితో బడ్జెట్ అయిపోయిందనుకుంటాం.

ఇలాంటి షీట్లలో నాకెప్పుడూ కనిపించే లోపం ఒకటే. వాటిలో తారీఖులుండవు. ఎంత కావాలో ఉంటుంది. ఎప్పుడు కావాలో, ఆ రోజుకి రూపాయి విలువ ఎక్కడుంటుందో, అనుకున్న డబ్బు ఆలస్యమైతే ఎవరు ఆదుకుంటారో ఉండదు. ఇదేమీ కొత్త జబ్బు కాదు. ఎక్సెల్ లేని రోజుల్లో సీమకెళ్ళిన ముగ్గురి లెక్కలు చూద్దాం. ముగ్గురూ మనకి బాగా తెలిసినవాళ్ళే. వాళ్ళ జమాఖర్చులే మనం పెద్దగా పట్టించుకోలేదు.

మొదట గాంధీ గారు. బారిష్టరు చదువుకి మూడేళ్ళు పడుతుందనీ, ఖర్చు నాలుగైదు వేల రూపాయలు దాటదనీ కుటుంబానికి బాగా కావలసిన ఒక పెద్దాయన చెప్పారు. మన భాషలో ఇదే ఆ ప్రాజెక్టు ఎస్టిమేట్ అన్నమాట. పోరుబందరు సంస్థానం నుంచి సాయం దొరుకుతుందేమోనని అక్కడి ఇంగ్లీషు అధికారిని అడిగితే, ముందు బీయే పాసై రమ్మన్నాడు. భార్య నగలు అమ్మే ఆలోచన కూడా చేశారు. చివరికి అన్నగారు భారం మోశారు. సముద్రం దాటుతున్నందుకు కులం నుంచి వెలివేశారు. బావగారి దగ్గర దాచిన డబ్బు ఆయన ఇవ్వనంటే, ఒక స్నేహితుడు అప్పిచ్చి ఓడెక్కించాడు. అది 1888 సెప్టెంబర్ 4.

ఇక్కడ ఒక చిన్న లెక్క. అప్పట్లో మన రూపాయి వెండిది, పౌండు బంగారానిది. 1870ల మొదట్లో రూపాయికి దాదాపు 2 షిల్లింగులొచ్చేవి. తర్వాత ప్రపంచమంతా వెండి ధర పడిపోతూ వచ్చి, 1888 నాటికి రూపాయి సుమారు 1 షిల్లింగు 4 పెన్నీలకి దిగింది. అంటే 5000 రూపాయలకి పాత రేటు ప్రకారం 500 పౌండ్లు రావాల్సింది, సుమారు 340 పౌండ్లే వస్తాయి. ఇంట్లో వాళ్ళు ఒక్క పైసా తక్కువివ్వకపోయినా మూడో వంతు గాల్లో కలిసిపోయిందన్నమాట!

లండన్లో దిగిన కొత్తలో గాంధీ గారు కూడా మన కుర్రాళ్ళలాగే ఉన్నారు. 19 షిల్లింగులు పెట్టి టోపీ, 10 పౌండ్లు పెట్టి సూటు, డాన్సు క్లాసులకి 3 పౌండ్లు, ఫిడేలుకి మరో 3 పౌండ్లు. కొన్నాళ్ళకి కళ్ళు తెరిచి ఖర్చు సగానికి తగ్గించాలనుకున్నారు. అప్పటికే పద్దు రాసే అలవాటుంది. బస్సు ఛార్జీ, పోస్టు బిళ్ళ, పేపరు కొన్న చిల్లర, ఏదీ వదలకుండా రాసి, రాత్రి పడుకునే ముందు లెక్క సరిచూసుకునేవారు. ఆ పద్దు చూసుకునే, బస్సు మానేసి నడవడం, ఒకే గదిలోకి మారడం, పొయ్యి కొని పొద్దున్న ఓట్ల జావ కాచుకోవడం మొదలెట్టారు. రోజు 1 షిల్లింగు 3 పెన్నీలతో గడిచేదట. దీన్ని తిండి ఖర్చనుకుంటే నెలకి రెండు పౌండ్లు కూడా కాదు. ఆయన్ని నడిపించింది పొదుపు మీద మోజొక్కటే కాదు, అడిగినప్పుడల్లా డబ్బు పంపుతున్న అన్నగారు ఇంటి దగ్గరెంత ఇబ్బంది పడుతున్నారో అన్న ఆలోచన కూడా.

కానీ పద్దు రాయడంతో అన్నీ తీరిపోవు. అందుకు రెండో ఉదాహరణ అంబేద్కర్ గారు. 1913లో బరోడా మహారాజా శాయాజీరావు గారి స్కాలర్షిప్పు మీద న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళ గడువు, తిరిగొచ్చాక పదేళ్ళు బరోడాలో కొలువు చేయాలన్న ఒప్పందం. ఆ పదకొండున్నరలోంచే ఇంటికి పంపాలి, పాత పుస్తకాలు కొనుక్కోవాలి. ఆయన పొదుపుకి వంక పెట్టడానికేం లేదు. దెబ్బ తగిలింది గడువు దగ్గర. 1916లో లండన్ వెళ్ళి ఎల్‌ఎస్‌ఈలోనూ గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్షిప్పు ముగిసింది, చదువు మధ్యలో ఆపి వెనక్కి రావాల్సొచ్చింది. విడిగా పంపిన పుస్తకాలు యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాయి. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు కానీ అంటరానివాడని ఉండటానికి చోటివ్వలేదు.

మళ్ళీ లండన్ చేరడానికి 1920 దాకా పట్టింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి మిగుల్చుకున్న జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజ్ గారి సాయం, నావల్ భాతేనా అనే పార్సీ మిత్రుడి అప్పు, ఇవన్నీ కూడితే ఆ ప్రయాణం. సరిగ్గా అప్పుడే రూపాయి పల్టీ కొట్టింది. 1920 మొదట్లో 2 షిల్లింగుల 8 పెన్నీల దాకా ఎగిరిన రూపాయి, 1921 నాటికి అందులో సగానికి పడిపోయింది. రూపాయల్లో దాచుకుని పౌండ్లలో ఖర్చు పెట్టేవాడికి దీనర్థం ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. 1923లో డీఎస్సీ తెచ్చిపెట్టిన ఆయన థీసిస్ పేరు 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'. ఆయన లండన్లో కడుపు మాడ్చుకుని చదువుతుంటే, బొంబాయిలో రమాబాయి గారు చాలీచాలని డబ్బుతో సంసారం ఈడ్చుకొచ్చారు.

మూడో ఆయన మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1920ల మొదట్లో, మామగారి సాయంతో హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ వెళ్ళారు. మద్రాసులో ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ చేతిలో పెట్టడంతో, అక్కడ డాక్టరుగా సంపాదించుకునే దారి లేకపోయింది. రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగులకి ఊడిగం చేస్తూ, పగలు చదువుకున్నారు. 1925కల్లా రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతితో పేరొచ్చింది, 1930లో పీహెచ్డీ వచ్చింది. కానీ ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. 1948లో అమెరికాలోనే పోయారు. ఇక్కడ భార్య శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడనేలేదు. ఈ ఖర్చు ఏ పద్దులో రాస్తాం?

తర్వాత కాలం ఏమైనా మారిందా అంటే, కొంత మారింది. 1966 జూన్ 6న డాలరు రేటు 4 రూపాయల 76 పైసల నుంచి రాత్రికి రాత్రి 7.50కి మారింది. అదే ఫీజుకి ఇంటి దగ్గర సగానికి పైగా అదనంగా సర్దాలి. 1991 జూలైలో రెండు రోజుల తేడాలో రెండు సార్లు విలువ తగ్గించారు. డాలర్లు దొరకడమే గగనమైన ఆ రోజులు పోయి, 2004లో రిజర్వు బ్యాంకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా పంపుకునే వీలిచ్చింది, 2015లో అది రెండున్నర లక్షలైంది. 2001 నుంచి బ్యాంకులు ఒకే పద్ధతిలో విద్యా రుణాలివ్వడం మొదలెట్టాక, మహారాజుల దయ మీద ఆధారపడక్కర్లేకుండా పోయింది. కానీ అప్పు రూపాయల్లో, ఖర్చు డాలర్లలో అన్న చిక్కు మాత్రం 1888లో ఉన్నట్టే ఉంది.

ముగ్గురి కథల్లోనూ మాట తప్పని ఒక అంశం ఉంది, గమనించారా? లెక్క తప్పినప్పుడల్లా ఆ తేడా భరించింది ఇంట్లో వాళ్ళు. అన్నగారు, రమాబాయి గారు, శేషగిరి గారు. మనం సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు బఫర్ ఎక్కడుందో ముందే రాసుకుంటాం. చదువు బడ్జెట్లో రాసుకోకపోతే బఫర్ లేదని కాదు, అమ్మ మెడలో గొలుసే బఫర్ అని.

అంచేత నా సలహా మూడు ముక్కలు. ఒకటి, షీట్లో ఒక్క మొత్తం కాకుండా నెలవారీ వరసలు పెట్టండి, ఏ తారీఖుకి ఎంత కట్టాలో, అప్పటికి చేతిలో ఎంతుంటుందో తెలుస్తుంది. రెండు, ఇవాళ్టి రేటుతో ఒకసారి, రూపాయి ఇరవై శాతం పడితే ఎలా అని ఇంకోసారి లెక్కేయండి. రెండో లెక్క తట్టుకోలేకపోతే చవకైన కాలేజీయో, ఇంకో ఏడాది ఉద్యోగమో ఆలోచించడంలో నామోషీ లేదు. మూడు, రాబడి ఆగిపోయినా కనీసం నాలుగు నెలలు గడిచే డబ్బు విడిగా పెట్టి, దాన్ని ఫీజు కింద లెక్కెయ్యకండి.

ఆ పైన రోజూ పద్దు రాయడం ఎలాగూ ఉంది. ఆ పనికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు.