రెండు ముఖాల నడుమ

పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ ఖబరస్తాన్‌లో ఉస్తాద్ బడే గులామ్ అలీఖాన్ సమాధి ఉన్నది. పాటియాలా ఘరానాకు చెందిన ఆయన 1968లో హైదరాబాదులోనే కన్నుమూశారు. గంటల తరబడి రాగాన్ని విస్తరించగల అంతటి గాయకుడు కూడా 78 ఆర్.పి.ఎం. రికార్డుకు పాడినప్పుడు ముఖానికి మూడు, మూడున్నర నిమిషాలలో ఒదగవలసి వచ్చేది. ఆ కాలంలో పాట అంతకు మించితే రెండు ముఖాలకు పంచేవారు. మొదటి ముఖం నిండగానే గాయకుడు ఆగి, రెండవదానికి మరల ఎత్తుకొనేవాడు.

ఇప్పుడు ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో ఆ రెండు ముక్కలనూ చేర్చి, ఒకటి సన్నగిల్లుతుండగా మరొకటి పైకి వచ్చేటట్లు అతికించవచ్చు. శ్రుతి కలవకపోతే వేగాన్ని సవరించవచ్చు. వినడానికి హాయిగానే ఉంటుంది. కాని ఆ నడుమ తెగిపోయిన సంగీతమేదీ లేదు. అక్కడ ఎవరూ పాడనే లేదు. అతుకు తెలియకుండా చేస్తే, జరగని కచేరీ ఒకటి చరిత్రకెక్కుతుంది. నేనైతే అక్కడ ఒక్క క్షణం నిశ్శబ్దం వదలుతాను; విడి ఫైళ్ళనూ చెరపను.