పడక పుండు

మంచం పట్టిన మనిషికి నడుము కింద, మడమల దగ్గర పడేది పడక పుండు. ఆసుపత్రుల్లో ‘బెడ్‌సోర్’ అనే మాటే ఎక్కువ. ‘పుండు’ అచ్చతెలుగు, తమిళ ‘పుణ్’, కన్నడ ‘హుణ్ణు’ దాని తోబుట్టువులు. వైద్యుల ‘డెక్యుబిటస్’కు మూలం పడుకోవడమనే లాటిన్ మాట. పేర్లన్నీ నేరాన్ని పడక మీదికే నెట్టాయి. నిజానికి ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం ఆడకపోవడమే కారణం. చక్రాల కుర్చీలోనూ వస్తుంది. చర్మం చిట్లకముందే గాయం మొదలవుతుంది గనుక 2016లో అమెరికా నిపుణుల మండలి ‘ఒత్తిడి గాయం’ అనే పేరు ఎంచుకుంది.

నొక్కినా పాలిపోని ఎరుపు తొలి గుర్తు. చామనఛాయ ఒంటిపై అది కనబడకపోతే వేడి, గట్టిదనం చూడాలి. అక్కడ రుద్దకూడదు. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, తడి బట్ట తీసేయాలి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి.