లావక్షరముల కథ

బిలాసపురపు రైల్వేస్టేషనులో దిగువారికి మొదట కనబడునది పసుపుపచ్చని పలకమీది ఊరి పేరు. అందలి ఆంగ్లాక్షరములలో సన్నని గీత యొక్కటియు లేదు. కదలుచున్న బండినుండి చదువవలసిన పేరు గనుక అట్లుండుటయే న్యాయము. శుభలేఖలమీదను, పత్రికల శీర్షికలలోను కనబడు అక్షరములు కొన్ని వేరు జాతివి. వాని నిలువుగీత స్తంభమువలె లావు. అడ్డగీత వెండ్రుకవలె సన్నము. కొనలయందు సెరిఫులను చిన్న పాదములు.

పదునెనిమిదవ శతాబ్ది చివర పారిసులో దిదో వంశమువారును, ఇటలీలోని పార్మానగరమున బొదోనీయును (1740–1813) ఈ లావు సన్నముల భేదమును మిక్కిలి పెంచిరి. కాగితము నున్నబడుటచే వెండ్రుకగీత చెదరక అచ్చుపడసాగెను. బొదోనీ అక్షరముల మాదిరి గ్రంథమును ఆయన మరణానంతరము 1818లో భార్య వెలువరించెను. అవి పండితుల గ్రంథములకై పుట్టిన అక్షరములు. లండను అచ్చువారు వానిని బజారునకు దించిరి. నిలువుగీతలను మరింత బలిపించి లాటరీ ప్రకటనలకును, నాటకముల కరపత్రములకును వాడిరి. వీనికి ‘ఫాట్ ఫేస్’ అని పేరు. రాబర్ట్ థార్ను ఆద్యుడని చెప్పుదురు. గోడమీద పది కాగితములు పోటీపడుచుండగా గొంతు పెద్దదైనవాడే గెలుచును కదా! 2011లో వెలువడిన ‘ఆబ్రిల్ ఫాట్‌ఫేస్’ అను కంప్యూటరు అక్షరమునకు ఆ పాత గోడ ప్రకటనలే ప్రేరణ.

మన లిపి పుట్టుక వేరు. తాటాకుపై గంటము గీచిన గీతకు లావు సన్నముల భేదము లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు వేసిన మన బాట హౌరా చేరును. హౌరాకు సమీపముననే శ్రీరామపురము. అచ్చటి మిషను ముద్రాలయమున 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణము అచ్చయినది. 1854లో చెన్నపురియందు వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు ముద్రాలయము నెలకొల్పిరి. తాటాకు అక్షరము ఈ విధముగా సీసములోనికి వచ్చెను.

ఆంగ్లాక్షరమునకు సెరిఫు అలంకారము. మన తలకట్టు అలంకారము కాదు, ఉచ్చారణ. తలకట్టు తీసి గుడి పెట్టినచో ‘క’ ‘కి’ యగును. ‘ద’కును ‘ధ’కును భేదము క్రిందనున్న చిన్న గీత, ‘థ’కు ఆ గీతతోపాటు కడుపులో చుక్క. అక్షరమును అడ్డదిడ్డముగా బలిపించినచో మొదట పూడిపోవునవి ఇవియే.

ఇది ఊహించి వ్రాసినది కాదు. కొన్నియేండ్ల క్రిందట మా ఉత్సవపు ఆహ్వానపత్రికలో ‘కథ’ అను మాటను మిక్కిలి లావక్షరములతో వేయించితిని. అచ్చొత్తినవారి పేరు చెప్పను. లావు కోరినవాడను నేనే. హిందీ బడిలో చదువు మా మనుమరాలు దానిని ‘కద’ యని చదివి, “తాతగారూ, కద అనగా నేమి?” అని యడిగినది. పెద్దలమైన మేము అలవాటుచే సరిదిద్దుకొని చదివితిమి. తెలుగును ఇట్టి కాగితములమీదనే చూచు పిల్లకు ఆ యలవాటు ఎక్కడిది?

మరుసటి యేడు లావు తగ్గించి, అక్షరము పరిమాణము మాత్రము పెంచి వేయించితిని. గోడమీది కాగితము కొంత వెలవెలబోయినది. పిల్ల మాత్రము ‘కథ’ యని చదివినది.